45 ఓట్ల దూరం: విజయ కుమారతుంగ, తెర నుంచి వేదిక దాకా

అందరికీ నమస్కారం.

ముందుగా పేరు సంగతి చెప్పుకుందాం. విజయ అంటే మనకు ఆడపిల్ల పేరు. సింహళంలో మగవాళ్ళ పేరు. లంక పాత చరిత్ర గ్రంథం మహావంశం చెప్పే కథలో ఓడ మీద లంకకు వచ్చిన మొదటి రాజు విజయుడు. ఆ పేరు అక్కడ ఈనాటికీ పిల్లలకు పెట్టుకుంటారు. మనం ఈ రోజు మాట్లాడుకునే మనిషి శ్రీలంక సినిమా నటుడు, రాజకీయ నాయకుడు. పూర్తి పేరు కోవిలగే ఆంటన్ విజయ కుమారతుంగ. ఆంటన్ అనగానే తెలిసిపోతుంది, అది క్యాథలిక్ కుటుంబం. కొలంబో నుంచి ఉత్తరంగా నెగొంబో దాకా సముద్రం ఒడ్డున పోతుంటే ఊరూరా చర్చిలు కనిపిస్తాయి, ఆ పట్టీ మనిషి. 1945 అక్టోబరు 9న పుట్టాడు. 1988 ఫిబ్రవరి 16న, 42 ఏళ్ళ వయసులో, సొంత ఇంటి ముందు తుపాకీ గుండ్లకు పడిపోయాడు. ఈ రెండు తేదీల మధ్య వందకు పైగా సినిమాలు, కొన్ని వారాల జైలు, సొంతంగా పెట్టిన ఒక పార్టీ ఉన్నాయి. పార్లమెంటులో మాత్రం ఒక్క రోజు కూడా కూర్చోలేదు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. తెలుగువాళ్ళం, తమిళులం సినిమా నుంచి రాజకీయాల్లోకి వెళ్ళే దారిని చాలా దగ్గరగా చూశాం. అన్నట్టు ఎం.జి. రామచంద్రన్ పుట్టింది శ్రీలంకలోనే, క్యాండీ దగ్గర నావలపిటియలో. అందుకని మనకో నమ్మకం ఉంది. జనం తెర మీద ఎవరికి చప్పట్లు కొడతారో పెట్టెలో ఓటు కూడా వాళ్ళకే వేస్తారని. విజయ విషయంలో చప్పట్లకు లోటు లేదు. చప్పట్లు ఓటుగా మారి, ఆ ఓటు లెక్కలోకి వచ్చి, ఆ లెక్క సీటుగా మారేలోపు ఎన్ని గడపలు దాటాలో ఆయన కథలో స్పష్టంగా కనిపిస్తుంది. దానికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. సీటు దక్కని ఆ అభిమానాన్ని ఆయన మరో పనికి పెట్టాడు. ఆ పని ఆ రోజుల్లో సింహళ నాయకుల్లో ఇంకెవరూ చెయ్యలేకపోయారు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

సింహళ సినిమా పుట్టింది మన వైపే. మొదటి సింహళ టాకీ 1947 జనవరిలో విడుదలైంది. తీసింది మధురైలో, నిర్మాత ఎస్.ఎం. నాయగం. తరువాత పదేళ్ళ పాటు సింహళ సినిమాలు ఎక్కువగా దక్షిణ భారత స్టూడియోల్లోనే తయారయ్యాయి. సెట్లు ఇక్కడివి, కెమెరా పనివాళ్ళు ఇక్కడివాళ్ళు, కథలూ పాటల వరసలూ చాలావరకు ఇక్కడివే. నటులు మాత్రం పడవెక్కి వచ్చి నటించి వెళ్ళేవారు. 1956లో లెస్టర్ జేమ్స్ పీరిస్ ఆ పద్ధతి నుంచి బయటికొచ్చి కెమెరాని లంకలోని పల్లెల్లోకి, ఎండలోకి తీసుకువెళ్ళాడు. ఆ సినిమాకు తెర వెనుక సహాయకుడిగా పనిచేసిన ఇరవై ఏళ్ళ కుర్రాడు గామిణి ఫొన్సేకా. 1960లలో సింహళ సినిమాకు తిరుగులేని కథానాయకుడు ఆయనే. గామిణి కూడా తరువాత రాజకీయాల్లోకి వచ్చాడు. ఆయన సంగతి చివర్లో చెబుతాను, అక్కడ దానితో పని ఉంది.

విజయకు పేరు తెచ్చిన సినిమా 1969లో వచ్చిన 'హంతానే కథావ'. దర్శకుడు సుగతపాల సెనరత్ యాపా. పేరాదెనియ విశ్వవిద్యాలయం, దాని వెనక హంతాన కొండలు, సింహళ మీడియంలో చదువుకుని పట్నానికొచ్చిన పిల్లల ప్రేమలు. ఈ పిల్లలు ఎవరన్నది గమనించాలి. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసిన తరువాత పల్లెటూళ్ళ నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం వీళ్ళది. చదువు వచ్చింది, ఉద్యోగం రాలేదు. సినిమా వచ్చిన రెండేళ్ళకు, 1971 ఏప్రిల్లో, ఈ వయసు పిల్లలే జనతా విముక్తి పెరమున, అంటే జె.వి.పి. జెండా కింద తుపాకులు పట్టుకుని పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. ప్రభుత్వం ఆ తిరుగుబాటును అణచివేసింది. వేలమంది చనిపోయారు. విజయ తారాపథం, ఈ తరం కోపం ఒకే కాలంలో పెరిగాయి. పదిహేడేళ్ళ తరువాత ఆయన్ను చంపింది ఆ పార్టీ నుంచి పుట్టిన సాయుధ దళమే.

1972లో శ్రీలంక ప్రభుత్వం స్టేట్ ఫిల్మ్ కార్పొరేషన్ పెట్టింది. విదేశీ సినిమాల దిగుమతి, దేశంలో పంపిణీ దాని చేతికి వచ్చాయి. అంతకుముందు కొలంబో హాళ్ళలో తమిళ, హిందీ సినిమాలదే రాజ్యం. దిగుమతి తగ్గేసరికి సింహళ సినిమాకు హాళ్ళు దొరికాయి. టెలివిజన్ 1979 దాకా లేదు, జాతీయ ఛానెల్ రూపవాహిని 1982లో గానీ మొదలుకాలేదు. అంటే 1970లలో ఊరి మనిషికి సాయంత్రం వినోదమంటే రేడియో, హాలు. విజయ రెండింటిలోనూ ఉన్నాడు. ఎందుకంటే ఆయన పాడేవాడు కూడా. తెర మీద పెదవులు కదిపి ఊరుకునే నటుడు కాదు. ఆయన పాడిన పాట రేడియోలో మోగితే అది ఆయన గొంతే, రేపు వేదికెక్కినా అదే గొంతు. రాజకీయ సభకు ఇది ఎంత పెద్ద పెట్టుబడో మీకు వేరే చెప్పక్కర్లేదు.

వ్యాపార సినిమాల జాబితా చదవను. రాజకీయ నాయకుడిగా ఆయన్ను అర్థం చేసుకోవాలంటే చూడాల్సింది ధర్మసేన పతిరాజ సినిమాలు. 1974లో వచ్చిన 'అహస్ గవ్వ'లో నిరుద్యోగులైన పట్నం కుర్రాళ్ళు. 1978 నాటి 'బంబరు అవిత్'లో కల్పిటియ దగ్గరి పల్లెకారుల రేవు. బంబరు అంటే పెద్ద జాతి తేనెటీగలు. మన పద్యాల్లో తుమ్మెదకు వాడే 'బంభరం' గుర్తొస్తుంది. ఆ రేవులోకి పట్నం నుంచి జీపు వేసుకుని దిగి, అక్కడి ముదలాలి (ఊరి వ్యాపారి) పెత్తనానికి పోటీగా నిలిచి, ఊరి పిల్లను బుట్టలో వేసుకునే విక్టర్ పాత్ర విజయది. దేశమంతా ప్రేమించే అందగాడు, జనం నమ్మకూడని మనిషిగా నటించడానికి ఒప్పుకున్నాడు. 1980లో లెస్టర్ తీసిన 'బద్దెగమ'లో అడవి పక్క పల్లె రైతు బాబున్. కేసులో ఇరికించి జైలుకు పంపితే దిక్కులేకుండా పోయే మనిషి. ఆ సినిమాలో ఇంగ్లీషు న్యాయాధికారిగా కనిపించేది సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్. ఆయన అప్పటికే కొలంబోలో స్థిరపడ్డాడు. అదే ఏడు సుమిత్రా పీరిస్ 'గంగా అద్దర'. కళాత్మక సినిమా వైపు, మాస్ సినిమా వైపు ఒకే మనిషి ఒకే ఏడాదిలో ఇలా తిరగగలగడం వల్ల ఆయన అభిమానులు ఒక వర్గానికి పరిమితం కాలేదు.

ఇక రాజకీయం. మొదట లంక సమసమాజ పార్టీ, అంటే ఆ దేశపు పాత ట్రాట్‌స్కీయిస్టు పార్టీ వైపు ఉన్నాడు. తరువాత బండారనాయకేల శ్రీలంక ఫ్రీడం పార్టీలోకి వచ్చాడు. 1977 జులై ఎన్నికల్లో కటాన సీటుకు నిలబడి ఓడిపోయాడు. ఆ ఓటమిని ఆయన ఖాతాలో వెయ్యకూడదు. ఆ ఎన్నికలో జె.ఆర్. జయవర్ధనే నాయకత్వంలోని యునైటెడ్ నేషనల్ పార్టీ 168 సీట్లలో 140 గెలిచింది. ఫ్రీడం పార్టీకి మిగిలినవి 8. నియోజకవర్గానికి ఒక సీటు, ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే గెలుపు అనే మన పద్ధతే అప్పుడు వాళ్ళదీ. గాలి ఒకవైపు వీస్తే ఓట్లలో ఉన్న తేడా సీట్లలో ఇలా చాలా పెద్దదై కూర్చుంటుంది. ఆ గాలికి నటుడేం అడ్డం పడతాడు?

1978లో చంద్రికా బండారనాయకేను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె తండ్రి ఎస్.డబ్ల్యూ.ఆర్.డి. బండారనాయకే, 1956లో 'సింహళం మాత్రమే' చట్టం తెచ్చిన ప్రధాని, 1959లో హత్యకు గురయ్యాడు. తల్లి సిరిమావో, ప్రపంచంలోనే మొదటి మహిళా ప్రధాని. హొరగొల్ల వలవ్వ అనే పెద్ద జమీందారీ ఇల్లు వాళ్ళది. అల్లుడు సముద్రపు ఒడ్డు క్యాథలిక్ సినిమా నటుడు. పార్టీలో పాతకాపులకు ఇది మింగుడు పడలేదని, బావమరిది అనురకు, ఈ జంటకు మధ్య వారసత్వ పోటీ మొదలైందని లంకలో అందరికీ తెలిసిన సంగతే. 1980లో పార్లమెంటు సిరిమావో పౌరహక్కుల్ని ఏడేళ్ళ పాటు తీసేసింది. దాంతో పార్టీలో నాయకత్వం ఖాళీ అయింది. పోటీ ఇంకా ముదిరింది.

1982 అక్టోబరు 20న తొలి అధ్యక్ష ఎన్నిక. సిరిమావో నిలబడే వీలు లేదు. ఫ్రీడం పార్టీ హెక్టర్ కొబ్బెకడువను నిలబెట్టింది. సొంత పార్టీలో సగం మంది చేతులు ముడుచుకుని కూర్చుంటే ఊరూరూ తిరిగి సభలు నింపిన మనిషి విజయ. కొబ్బెకడువకు 39 శాతం వచ్చాయి, జయవర్ధనేకు దాదాపు 53 శాతం. ఓడిపోయారు. కానీ చీలిపోయి, నాయకురాలు లేని పార్టీకి 39 శాతం తక్కువేమీ కాదు. ఆ లెక్క అధికారంలో ఉన్నవాళ్ళకూ అర్థమైంది.

ఇక్కడ మనకు బాగా తెలిసిన ఒక మాట లంక రాజకీయంలోకి దిగుతుంది. నక్సలైట్. బెంగాల్‌లో నక్సల్‌బరీ అనే ఊరి పేరు నుంచి పుట్టి, శ్రీకాకుళం కొండల మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. శ్రీలంకలో నక్సలైట్ పార్టీ ఏదీ లేదు. అయినా 1982 నవంబరులో ప్రభుత్వం ప్రతిపక్షంలో ఒక నక్సలైట్ కుట్ర బయటపడిందని ప్రకటించింది. అధ్యక్షుణ్ణి చంపి అధికారం లాక్కోవాలన్నదే ఆ కుట్ర అని చెప్పింది. విజయతో పాటు మరికొందరిని అత్యవసర నిబంధనల కింద పట్టుకుని లోపల వేశారు. ఎప్పుడు పట్టుకున్నారో చూడండి. డిసెంబరు 22న రిఫరెండం ఉంది. అది ముగిసేదాకా, ప్రతిపక్షంలో జనాన్ని కదిలించగల మొదటి మనిషి జైలు గోడల మధ్య ఉన్నాడు. తరువాత ఏ అభియోగమూ మోపకుండా వదిలేశారు. కేసు కోర్టుకే రాలేదు.

ఆ రిఫరెండం దేనికో కొంచెం వివరంగా చెప్పాలి. అది తెలియకపోతే విజయ 45 ఓట్లతో ఓడిన మహర ఉప ఎన్నిక అర్థం కాదు. 1978 రాజ్యాంగం ప్రకారం ఇక ముందు జరిగే ఎన్నికలన్నీ దామాషా పద్ధతిలో జరగాలి. అంటే 53 శాతం ఓట్లకు సుమారు 53 శాతం సీట్లే. చేతిలో ఉన్న ఆరింట ఐదు వంతుల మెజారిటీ కరిగిపోతుంది. అందుకని జయవర్ధనే ఎన్నికే పెట్టకుండా, 1977 నాటి పార్లమెంటు ఆయుష్షు మరో ఆరేళ్ళు, 1989 ఆగస్టు దాకా పొడిగించమని జనాన్ని అడిగాడు. ఔననేవాళ్ళకు దీపం గుర్తు, కాదనేవాళ్ళకు కుండ గుర్తు. దీపానికి 54.66 శాతం వచ్చాయి. పొడిగింపు నెగ్గింది. తేదీ వెయ్యని రాజీనామా పత్రాల మీద తన ఎంపీల సంతకాలు జయవర్ధనే అంతకుముందే తీసి పెట్టుకున్నాడు. రిఫరెండంలో కుండకు ఎక్కువ ఓట్లు పడిన సీట్లలో కొన్నిటికి ఆ పత్రాలు బయటికి తీశాడు. అలా ఖాళీ అయిన 18 సీట్లకు 1983 మే 18న ఉప ఎన్నికలు పెట్టారు. కొత్త దామాషా పద్ధతిలో నియోజకవర్గానికి ఉప ఎన్నిక ఉండదు కాబట్టి రాజ్యాంగాన్ని మళ్ళీ సవరించి పాత పద్ధతిలోనే నడిపారు.

ఆ 18 సీట్లలో మహర ఒకటి. కొలంబోకు ఈశాన్యంగా, గంపహ జిల్లాలో ఉంది. విజయ సొంత పట్టీకి దగ్గరే. అధికార పార్టీ అభ్యర్థి కమలవర్ణ జయకొడి. మొదటి లెక్కింపులో విజయ ముందున్నాడు. తరువాత తిరిగి లెక్కించారు. చివరికి అధికారులు ప్రకటించిన తేడా 45 ఓట్లు, జయకొడి గెలుపు. లెక్కింపు మధ్యలో కరెంటు పోయిందని, ఆ చీకట్లోనే ఫలితం మారిందని విజయ పక్షం ఆరోపించింది. అభిమానులు ఈనాటికీ అదే నమ్ముతారు.

ఇలాంటి లెక్కింపులో తప్పు ఎక్కడ దూరుతుందో ఎన్నికల పని తెలిసినవాళ్ళకు తెలుసు. బ్యాలెట్ పత్రాల రోజుల్లో మొదటి దశ కట్టలు కట్టడం. ఒక అభ్యర్థి కట్టలో మరొకరి ఓటు కలిసిపోవచ్చు, కట్టలో లెక్క ఒకటి అటూ ఇటూ కావచ్చు. రెండోది సందేహపు ఓట్లు. ముద్ర గీత మీద పడినవి, ఓటరు ఉద్దేశం తేలనివి, ఓటరెవరో తెలిసిపోయే గుర్తు ఉన్నవి. వీటిని ఒక్కొక్కటిగా ఎత్తి ఇరుపక్షాల ఏజెంట్లకు చూపించి అధికారి తేలుస్తాడు. తేడా వేలల్లో ఉంటే ఈ పక్కన పెట్టిన చిన్న కుప్ప గురించి ఎవరూ పట్టించుకోరు. తేడా 45 అయినప్పుడు ఆ కుప్పే ఎన్నిక. అక్కడ బల్ల ముందు కూర్చున్న ఏజెంట్లకు ఓపిక, చట్టం తెలిసి ఉండటం, రాత్రంతా మెలకువ కావాలి. అది పార్టీ యంత్రాంగం పని, తారాబలం ఆ బల్ల దగ్గర అక్కరకు రాదు. నాయకత్వం చీలిపోయిన పార్టీ అక్కడ బలహీనంగా ఉండటంలో వింతేమీ లేదు. 18 సీట్లలో అధికార పార్టీ 14 గెలుచుకుంది. ఫ్రీడం పార్టీకి 3, మహజన ఎక్సత్ పెరమునకు ఒకటి దక్కాయి.

మనకు తోచే పోలిక ఇక్కడ పెట్టుకోవచ్చు. ఎన్.టి. రామారావు 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరిలో మూడింట రెండు వంతుల సీట్లు గెలిచారు. విజయ మహరలో ఓడింది ఆ తరువాత నాలుగు నెలలకే. తెర మీది ఆకర్షణలో తేడా వెతికితే మనకేమీ దొరకదు. రామారావు నిలబడింది ఒకేసారి రాష్ట్రమంతటా, సొంత పార్టీతో, సొంత జెండాతో. ఆకర్షణ 294 చోట్లా ఒకేసారి పనిచేసింది. ఎన్నికకు తేదీ ఖాయంగా ఉంది. విజయ ఆకర్షణ దేశమంతా ఉంది, కానీ దాన్ని ఒక్క నియోజకవర్గంలో కొలిచారు. పార్టీ ఇంకొకరిది. ఎన్నిక ఎప్పుడు, ఎక్కడ, ఏ పద్ధతిలో అన్నది ప్రత్యర్థి చేతిలో ఉంది.

మహర తరువాత రెండు నెలలకు 1983 జులై వచ్చింది. జాఫ్నాలో తమిళ పులుల (ఎల్.టి.టి.ఇ.) మెరుపుదాడిలో 13 మంది సైనికులు చనిపోయారు. కొలంబోలో తమిళుల ఇళ్ళు, దుకాణాలు, మనుషులు మంటల్లో కాలారు. ఆ మంటల్లో హెందలలోని విజయ స్టూడియో కూడా ఉంది. పేరు ఒకటే గానీ దానికి మన నటుడితో సంబంధం లేదు. దాని యజమాని కె. గుణరత్నం, తమిళుడు, సింహళ సినిమాకు అతి పెద్ద నిర్మాతల్లో ఒకడు. స్టూడియోతో పాటు సింహళ సినిమాల నెగెటివ్‌లు కాలిపోయాయి. సింహళ సినిమాను కట్టినవాళ్ళలో తమిళులు ఎంతమందో తెలిసినవాళ్ళకు ఆ నష్టం లోతు అర్థమవుతుంది. విజయకు తెలుసు. ఆ తరువాత ఆయన మాట మారింది, గట్టిపడింది.

1984 జనవరిలో ఫ్రీడం పార్టీ నుంచి బయటికొచ్చి శ్రీలంక మహజన పక్షయ పెట్టారు. సీనియర్ నాయకుడు టి.బి. ఇలంగరత్న, చంద్రిక, విజయ దాని ముఖ్యులు. ఎన్నికలు లేని కాలంలో పార్టీ పెట్టారు. సీట్లకు లెక్క చూసుకునేవాడు అలాంటి సమయం ఎంచుకోడు. పార్టీ చెప్పిందేమిటంటే తమిళుల సమస్య సైన్యంతో తేలదు, అధికారాలు ప్రాంతాలకు పంచాలి, మాట్లాడుకోవాలి. ఆనాటి సింహళ సభలో ఈ మాట పలకడమే కష్టం. 'సింహళం మాత్రమే' తెచ్చిన ఇంటి అల్లుడు ఆ మాట పలికాడు.

1986లో విజయ జాఫ్నాకు వెళ్ళాడు. అప్పటికి సైన్యం శిబిరాల గోడల లోపలే ఉంది, పట్నం పులుల చేతిలో ఉంది. జాఫ్నాలో పులుల దళపతి కిట్టును కలిశాడు, బందీలుగా ఉన్న సైనికుల సంగతి మాట్లాడాడు. మంత్రి వెళితే అది ప్రభుత్వం తలవంచినట్టు, సైనికాధికారి వెళితే యుద్ధం. నటుడు వెళ్ళగలిగాడు. జాఫ్నా జనం వీధుల్లోకి వచ్చి చూశారు. లంక దక్షిణ ప్రాంతంలో సింహళ తల్లులు, తమ కొడుకులు బతికున్నారని ఆయన నోట విని నమ్మగలిగారు. అభిమానాన్ని మరో పనికి పెట్టాడని మొదట్లో అన్నాను కదా, అది ఇదే. ఏ సీటూ తేలేని పని, పైపెచ్చు సింహళ ఓట్లు పోగొట్టగల పని. ఆయన రాజకీయ జీవితంలో నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఆ ప్రయాణం.

1987 జులై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మన సైన్యం శాంతి పరిరక్షణ పేరుతో ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో దిగింది. రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చింది, రాష్ట్ర మండళ్ళు ఏర్పడ్డాయి. ఫ్రీడం పార్టీ వ్యతిరేకించింది. జె.వి.పి. ఇంకా గట్టిగా వ్యతిరేకించి, దీన్ని భారత విస్తరణవాదమంది. ఆ పార్టీ వెనక దేశప్రేమి జనతా వ్యాపారయ అనే రహస్య సాయుధ దళం పనిచేసింది. ఒప్పందాన్ని, మండళ్ళను సమర్థించేవాళ్ళను వరసపెట్టి చంపడం మొదలుపెట్టింది. అధికార పార్టీ అధ్యక్షుడు హర్ష అబేవర్ధనను 1987 డిసెంబరులో చంపారు. విజయ సమర్థించాడు, బహిరంగంగా. సమసమాజ, కమ్యూనిస్టు పార్టీలతో కలిసి యునైటెడ్ సోషలిస్ట్ అలయన్స్ కట్టే పనిలో ఉన్నాడు.

1988 ఫిబ్రవరి 16. కొలంబోలో పొల్హేన్‌గొడ రోడ్డులోని ఇల్లు. మోటార్ సైకిల్ మీద వచ్చినవాళ్ళు ఇంటి ముందు కాల్చి వెళ్ళిపోయారు. చంద్రిక కళ్ళ ముందే జరిగింది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. స్వాతంత్ర్య కూడలిలో అంత్యక్రియలకు వచ్చిన జనం, ఆ దేశం అంతకుముందు చూసినవాటిలో అతి పెద్ద గుంపుల్లో ఒకటి. ఓట్ల పెట్టెలో 45 తక్కువైన మనిషి కోసం వచ్చిన జనం వాళ్ళు. చంద్రిక అధ్యక్షురాలయ్యాక విచారణ సంఘం వేసింది, దాని నివేదిక మీద వాదాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. నేను అందులోకి వెళ్ళను.

పార్టీ ఏమైంది? చంద్రిక పిల్లల్ని తీసుకుని ఇంగ్లండు వెళ్ళింది. పార్టీ నాయకుడు ఆసీ అబేగుణశేఖర 1988 డిసెంబరు అధ్యక్ష ఎన్నికలో అలయన్స్ తరఫున నిలబడి 4.6 శాతం తెచ్చుకున్నాడు. జె.వి.పి. ఓటెయ్యొద్దని తుపాకీ పట్టి బెదిరిస్తున్న రోజుల్లో పడిన ఓట్లు అవి. ఆయన కూడా 1994 అక్టోబరులో తొటలంగ ఎన్నికల సభలో జరిగిన బాంబు దాడిలో చనిపోయాడు. అదే ఏడు నవంబరులో చంద్రికా కుమారతుంగ 62 శాతం ఓట్లతో అధ్యక్షురాలైంది. ఆమె ఆ ఎన్నికలో చెప్పింది యుద్ధం ఆపి మాట్లాడతాననే.

ఇక గామిణి ఫొన్సేకా. 1989 ఫిబ్రవరిలో, అంటే విజయ పోయిన ఏడాదికి, దామాషా పద్ధతిలో మొదటి పార్లమెంటు ఎన్నిక జరిగింది. గామిణి యునైటెడ్ నేషనల్ పార్టీ తరఫున మాతర జిల్లా నుంచి గెలిచి, 1994 దాకా డిప్యూటీ స్పీకర్‌గా ఉన్నాడు. ఇక్కడ ఓటు ఎలా పడుతుందో చూస్తే నటులకు అది ఎందుకు అనుకూలమో తెలుస్తుంది. పత్రం మీద పైన పార్టీల పేర్లు, గుర్తులు ఉంటాయి. కింద వరసగా అంకెలు. ముందు పార్టీకి గుర్తు పెట్టాలి. తరువాత ఆ పార్టీ అభ్యర్థుల్లో మూడు అంకెల దాకా గుర్తు పెట్టొచ్చు. వీటిని మనాప అంటారు. పార్టీకి గుర్తు పెట్టకుండా అంకెలకే పెడితే ఓటు చెల్లదు. పార్టీకి పెట్టి, మూడు కంటే ఎక్కువ అంకెలు గీస్తే పార్టీ ఓటు నిలుస్తుంది గానీ మనాప లెక్కలోకి రావు. పార్టీకి జిల్లాలో ఎన్ని సీట్లొస్తే, ఎక్కువ మనాప తెచ్చుకున్న అంతమంది లోపలికి వెళతారు.

అంటే నియోజకవర్గం జిల్లా అంత పెద్దదైంది. ఊరి నాయకుడికి తన మండలంలోనే పేరు, నటుడికి జిల్లా మొత్తం పేరు. పార్టీకి ఒక గుర్తు పెట్టాక మిగిలిన రెండు మూడు గుర్తుల్లో తెలిసిన ముఖానికి ఒకటి పెట్టడం తేలిక. దీనికో చెడ్డ గుణం కూడా ఉంది. ఒకే పార్టీ అభ్యర్థులు ఒకరి మీద ఒకరు పోస్టర్లు అంటించుకుంటూ, డబ్బు ఖర్చు పెట్టుకుంటూ కొట్లాడతారు. దాన్ని అక్కడ మనాప పొరె అంటారు, మనాప పోరు అన్నమాట. ఆ తరువాత శ్రీలంకలో నటులు పార్లమెంటులోకి వరసగా రావడానికి ఈ పద్ధతి ముఖ్యమైన కారణం. విజయ బతికుండి గంపహ జిల్లాలో ఈ పత్రం మీద ఒక అంకెగా నిలబడి ఉంటే 45 ఓట్ల మాటే వచ్చేది కాదని నా నమ్మకం.

గామిణి గురించి ఇంకొక్క విషయం. 1979లో ఆయన ఒక సినిమాలో నటరాజా అనే తమిళ గుమాస్తాగా నటించాడు, తెర మీద తమిళం మాట్లాడాడు. 1995లో చంద్రిక ఆయన్ను ఉత్తర-తూర్పు రాష్ట్రానికి గవర్నరుగా పంపింది. ట్రింకోమలిలో కార్యాలయం, 1998 దాకా ఉన్నాడు.

చీటీ ఒకటి వచ్చింది. విజయ సినిమాల్లో ఏది మొదట చూడాలి అని అడిగారు. 'బంబరు అవిత్' చూడండి. సింహళం రాకపోయినా పరవాలేదు, సముద్రం, వలలు, మొహాలు చాలా చెబుతాయి. విక్టర్ మొదటిసారి రేవులోకి వచ్చేటప్పుడు ఊరివాళ్ళ చూపులు గమనించండి. ఆ తరువాత ఆఖరి దృశ్యం దాకా కూర్చోండి. విక్టర్ వెంట పట్నం నుంచి వచ్చిన స్నేహితుల్లో ఒకడు, విప్లవం మాటలు చెప్పేవాడు, ఇసుక మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెడతాడు. ఒడ్డున వినేవాడు ఒక్కడూ ఉండడు.